చింతతోపునకు విహారయాత్ర

అర్ధవార్షిక పరీక్షలు ముగియగానే మన పాఠశాలలో ఏటేట ఒక ప్రశ్న తలయెత్తుచుండును: ఈ యేడు విహారయాత్ర ఎక్కడికి? పై తరగతుల బాలురు జలక్రీడల వినోదశాల కావలెనందురు. చిన్న తరగతులవారు జంతుప్రదర్శనశాల కావలెనందురు. తలిదండ్రులు ఎక్కడికైనను సరే, చందా తగ్గవలెనందురు. ఈ మూడు పక్షముల నడుమ మేము నాలుగవ పక్షముగా నిలిచి ఒక మాట చెప్పదలచితిమి. ఈ యేడు దేవనహళ్లి తాలూకాలోని నల్లూరు చింతతోపునకు పోవుదము. ఈ మాట ఉపాధ్యాయుల గదిలో చెప్పినప్పుడు మాలోనే కొందరు నవ్విరి. "చింతచెట్టును చూచుటకు బస్సు ఎక్కవలెనా?" అనిరి. ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము చెప్పవలసిన భారము మాపై నున్నది.

నల్లూరు తోపు విస్తీర్ణము 54 ఎకరములు. అందు ఇంచుమించు 300 చెట్లు కలవు, అవి చింతమానులు. భారత పార్లమెంటు 2002 లో జీవవైవిధ్య చట్టమును చేసినది. విశిష్టమైన ప్రాణిసంపద గల చోట్లను వారసత్వ స్థలములుగా ప్రకటించి కాపాడుటకు ఆ చట్టము రాష్ట్రములకు అధికార మిచ్చినది. ఆ అధికారము ననుసరించి 2007 లో కర్ణాటకమున ప్రకటింపబడిన ఈ తోపే దేశము మొత్తముమీద మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలము. పడమటి కనుమలు, హిమాలయములు, సుందరవనములు గల దేశమున తొలి గౌరవము పల్లెటూరి చింతతోపునకు దక్కినది. ఈ యొక్క సంగతియే మా పక్షమునకు చాలునని మొదట అనుకొంటిమి. కాని పిల్లలు గౌరవములను చూచి బస్సు ఎక్కరు.

వారు చూడదగినది చెట్లలోనే యున్నది. ఆ మానులు మన పెరటి చింతల వంటివి కావు. మొదళ్లు మెలికలు తిరిగి, బుడిపెలు కట్టి, కొన్ని లోపల పూర్తిగ బోలుపడి, వెలుపలి పట్ట మాత్రమే ఆధారముగా నిలిచియున్నవి. చెట్టునకు ప్రాణము నడిబొడ్డున గాక బెరడు క్రింది పలుచని పొరలో నుండునని సైన్సు పుస్తకమున చదివిన పిల్లవాడు దానిని ఇచ్చట కన్నులార చూడవచ్చును. కూలిన మాను నుండియే మరల కొమ్మ లేచి కొత్త చెట్టుగా నిలిచిన చోట్లును కలవు. ఏది తల్లియో ఏది బిడ్డయో చెప్పుట కష్టము. కొన్ని మానులు 400 ఏండ్లు దాటినవని చెప్పుదురు. తోపు చోళుల కాలము నాటిదని స్థానికుల నమ్మకము, నడుమ శిథిలమైన గుడియును కలదు. ఇచ్చట పిల్లలు ఒక ప్రశ్న వేసిన మేము సంతోషింతుము: చెట్టు వయసు వలయములను బట్టి లెక్కింతురు గదా, లోపల బోలుపడిన చెట్టునకు వలయము లెక్కడివి? ఆ ప్రశ్న వేసినవానికి సగము వృక్షశాస్త్రము వచ్చినట్లే.

తోపు మీదుగా విమానములు పోవుచుండును. దేవనహళ్లి విమానాశ్రయము 2008 లో తెరవబడినది. అనగా తోపునకు చట్టరక్షణ కలిగిన మరుసటి యేడే చుట్టుపట్ల నేల ధర మారిపోయినది. ఒక్క సంవత్సరము ముందు వెనుకలైనచో ఏమై యుండెడిదో పెద్ద తరగతులవారు ఆలోచింపవలెను. విమానము చూడవలెనను పిల్లల కోరికయు ఇచ్చటనే ఉచితముగా తీరును.

ఇక అసలు సంగతికి వత్తుము. కొన్ని వారముల క్రిందట మేము పాఠశాల ఆవరణలో రాలిన ఆకులను ఏరి తెచ్చి తొమ్మిదవ తరగతిలో బల్లపై పరచి పేళ్లడిగితిమి. వేపను అందరును చెప్పిరి. కానుగాకును చూపగా కొందరు "హొంగె" అనిరి. కానుగ అను మాట వారు వినలేదట. ఇందుకు మేము విచారింపము. హొంగె అన్న పిల్లవానికి చెట్టు తెలియును, నీడ తెలియును, ఉగాదినాటికి దాని లేత చిగురు తెలియును. పొరుగువారి నోట నేర్చినాడు, అంతే. మమ్ము కలతపెట్టినవారు వేరు. వారు కానుగ అనలేదు, హొంగె అనలేదు, "చెట్టు, సార్" అనిరి. మర్రికిని రావికిని మోదుగకును అదే సమాధానము. ఆ పిల్లలు మందబుద్ధులు కారు. కిరణజన్య సంయోగక్రియను తప్పులేకుండ వ్రాయగలరు. వారికి ఆకు పనిచేయు విధము తెలియును, ఆకు పేరు తెలియదు.

సరిహద్దు తాలూకాలలో తెలుగు తగ్గిపోవుచున్నదని మన పెద్దలు తరచు వాపోవుదురు. తగ్గుట ఎట్లు జరుగునో ఎవరును దగ్గరగా చూచినట్లు తోచదు. క్రియలు పోవు, సర్వనామములు పోవు, "రా, పో, తిను" అనునవి చిరకాలము నిలుచును. మొట్టమొదట పోవునవి చెట్టు, పిట్ట, గడ్డి, పనిముట్టు వీని పేళ్లు. వాని స్థానమున కన్నడము వచ్చిన భాష మారినదనవచ్చును. ఏదియు రానిచోట మనుష్యుని చూపే పోయినది. పేరు తెలియని చెట్టు కంటికి ఆనదు. కంటికి ఆననిది నరికిన దినమున కూడ కనబడదు.

ఈ కారణముచేతనే విహారయాత్రకు తెలుగు పండితులు, కన్నడ పండితులు, సైన్సు మాస్టరుగారు ముగ్గురును కలిసి రావలెనని మా అభిప్రాయము. డ్రిల్లు మాస్టరుగారు ఈలతో వచ్చినను అభ్యంతరము లేదు. తోపులో కూర్చుండి ముగ్గురును పేళ్లు చెప్పుచుండగా వినుటకంటె మంచి వ్యాకరణ పాఠము లేదు. మన వేప కన్నడమున బేవు, తమిళమున వేంబు. మన వేరు వారికి బేరు, మన వెల వారికి బెలె, మన వెండి వారికి బెళ్లి. వకారము దాటి బకారమున అడుగుపెట్టిన మాటలివి. అట్లే పాలు హాలైనవి, పువ్వు హూవైనది, పండు హణ్ణైనది, పేరు సైతము హెసరైనది. ఈ రెండు సూత్రములు తెలిసిన బాలుడు పొరుగుభాషలో సగము మాటలను ముసుగు తీసి గుర్తుపట్టగలడు. నేరేడు నేరళె యగును, ఇప్ప హిప్పె యగును, వెలగ బేల యగును. బూరుగ మాత్రము వేషము మార్చక రెండిండ్లలోను బూరుగగానే తిరుగుచున్నది.

చింత సంగతి మరియు చిత్రమైనది. మనము చింత అందుము. కన్నడిగులు హుణసె యందురు. తమిళులు పుళి యందురు. చూడగా మన మాటకు వారితో చుట్టరికము లేదనిపించును. కాని పుళి యనగా పులుపే. చెట్టు పేరును మనము వేరుగా పెట్టుకొంటిమే గాని దాని రుచిని ఆ మాటతోనే పిలుచుచున్నాము. మన యింటి పులుసు పొరుగింటి హుళి. మన పులిహోర వారి పుళియోగరె, తమిళుల పుళియోదరై. యాత్రకు కట్టుకొనిపోవు చద్దిమూటలోనే భాషాశాస్త్రమున్నది. ఏ తల్లియైనను ఆనాడు పులిహోర గాక మరియొకటి కట్టిన మాకు అసంతృప్తి కలుగునని ముందుగా తెలియజేయుచున్నాము.

ఇంతగా మన నేలతో ముడివడిన ఈ చెట్టు పుట్టిల్లు మన దేశము కాదు. వృక్షశాస్త్రజ్ఞులు చింతకు జన్మభూమి ఆఫ్రికాఖండపు ఉష్ణప్రాంతములని చెప్పుదురు. ఎన్నడో ఏ నావమీదనో ఎవరి సంచిలోనో వచ్చి, ఇచ్చట ఎంతగా పాతుకొన్నదనగా, తరువాత అరబ్బులు దానిని మన దేశపు సరకుగా ఎంచి "తమర్ హిందీ", అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పేరిడిరి. ఆ పేరే ఐరోపాకు పోయి టామరిండ్ అయినది. శాస్త్రీయనామమైన టామరిండస్ ఇండికాలోను ఇండియా రెండుమారులు వినబడుచున్నది. మీ తాతలెక్కడినుండి వచ్చిరని మన పిల్లల నడుగువారు అప్పుడప్పుడు కనబడుచుందురు. అడిగినవారిని చింతక్రింద కూర్చుండబెట్టి ఈ కథ చెప్పవచ్చును.

చింతచుట్టు ఎన్ని మాటలు అల్లుకొన్నవో లెక్కింపుడు: చిగురు, పువ్వు, పిందె, వామనకాయ, దోర, పండు, తొక్కు, పిక్క. వామనగుంటల యాటకు చింతపిక్కలే గవ్వలు. ఆ యాటనే కన్నడిగులు అళగుళిమణె యని, తమిళులు పల్లాంగుళి యని ఆడుదురు. గుంటలు అవే, పిక్కలు అవే. అష్టాచెమ్మకు పిక్కను ఒక ప్రక్క అరగదీసి పందెమువేయు నేర్పు గల అవ్వలు ప్రతి వీధిలోను ఇంకను ఉన్నారు. పిక్కల పిండితో గంజి కాచి నేతనూలునకు పట్టించు వాడుకయు కలదు. చింతబరికె యను మాట మాత్రము నేటి పిల్లలకు తెలియకున్నను మేము చింతింపము. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను నిషేధించినది. మా తరమువారి అరచేతులు ఆ మాటను జ్ఞాపకముంచుకొన్నవి, అది చాలును.

బెంగుళూరి లాల్‌బాగునకు పోరాదా, అచ్చట 240 ఎకరములలో లోకములోని వృక్షములన్నియు కలవు గదా యని కొందరు తలిదండ్రులు అడిగిరి. పోవచ్చును. 1760 ప్రాంతమున హైదరాలీ మొదలిడి, టిప్పుసుల్తాను పెంచి, 1856 లో ప్రభుత్వోద్యానమైన ఆ తోట గొప్పదే. నల్లూరినుండి తిరిగివచ్చునప్పుడు ఒక పూట అందు గడుపుదము. అందు చూడవలసినవానిలో మొదటిది చెట్టు కాదు, కెంపేగౌడ గోపురము నిలిచిన బండ. దాని వయసు ఇంచుమించు 300 కోట్ల సంవత్సరములని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ బండపై నిలిచి 400 ఏండ్ల చింతలను తలచుకొన్న పిల్లలకు కాలమనునది ఏమో లీలగా తెలియవచ్చును. తోట పెంచినవారి కథయు వినదగినది. 1874 నుండి 1908 వరకు అచ్చట అధికారిగా నుండిన జాన్ కామెరాన్ దొర ఎక్కడెక్కడి కూరగాయలనో తెప్పించి నాటించెను. మెక్సికో ప్రాంతపు తీగకాయ ఒకటి ఈ ప్రాంతమున స్థిరపడి, కన్నడిగులకు సీమెబదనె యైనది, తెలుగువారికి బెంగుళూరు వంకాయ యైనది. ఒకరికి సీమది, ఒకరికి బెంగుళూరిది. కాయ మాత్రము ఒక్కటే. ఆయన తరువాత వచ్చిన జర్మను దేశీయుడు క్రుంబిగెల్, ఒక జాతి పూలు రాలుసరికి మరియొక జాతి పూయునట్లు వీథుల వెంట చెట్లను ఎంచి నాటించు పద్ధతిని బెంగుళూరిలో నెలకొల్పెను. ఏడాది పొడవున ఏదో ఒక వీథి పూచియుండుట ఆయన చలువ.

కాని గణతంత్రదినము, స్వాతంత్ర్యదినముల పుష్పప్రదర్శన రోజులలో మాత్రము పోరాదు. ఆ దినములలో అచ్చట కనబడునవి పూలు కావు, మనుష్యుల తలలు. మరియు లాల్‌బాగునకు మాత్రమే పోయిన పిల్లలు చెట్లనగా ప్రభుత్వమువారు కంచెవేసి, టికెట్టు పెట్టి, పలకలు తగిలించి చూపు వస్తువులని అనుకొందురు. నల్లూరు తోపు అట్టిది కాదు. పల్లెవారు పండు ఏరుకొని, పశువులను నీడన నిలిపి, తరతరములు వాడుకొన్న తోపది. మన యూరి చెరువుకట్టమీది చెట్లకు దగ్గరి చుట్టము. మొదట చుట్టమింటికి, పిదప మహారాజు తోటకు పోవుట మర్యాద. ఆంధ్రదేశమున కదిరి దాపున నున్న తిమ్మమ్మ మర్రిమానును చూపవలెనని కోరినవారును కలరు. 19,107 చదరపు మీటర్ల మేర నీడ పరచి 1989 లో గిన్నిసు గ్రంథమునకెక్కిన ఆ మర్రి, రాత్రి బసతో కూడిన యాత్రకు తగినది; దానిని వచ్చే యేటికి ఉంచుదము.

తోటలలోని పలకలమీద లాటిను పేరు, ఇంగ్లీషు పేరు, కన్నడపు పేరు కలవు, తెలుగు లేదు, దీనికై అర్జీ పెట్టరాదా యని మాతృసంఘ సమావేశమున ఒక తల్లి అడిగెను. ఆమె బాధ న్యాయమైనదే. అయినను మేము అర్జీకి అనుకూలురము కాము. అర్జీలు పెట్టవలసిన తావులు వేరే యున్నవి. ఉపాధ్యాయుల ఖాళీలు, పాఠ్యపుస్తకముల ఆలస్యము వంటివి. 1956 లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధన కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపుమన్నది. అందుకొరకు నోరు విప్పుదము. పలకకొరకు కాదు. మన పాఠశాల ఆవరణలో ఏడు జాతుల చెట్లున్నవి, ఒక్కదానికిని ఏ భాషలోను పలక లేదు. ముందు దానికి రేకులు, రంగు, కుంచె కావలెను. ఒక్కొక్క రేకుమీద తెలుగు, కన్నడము, తమిళము, శాస్త్రీయనామము నాలుగును వ్రాయింపవలెను. చెట్టునకు మేకు కొట్టరాదు. నేలలో కొయ్య పాతి రేకు తగిలింపవలెను.

చెట్ల పేళ్లు వచ్చినంతమాత్రమున ఉద్యోగము వచ్చునా యని అడుగు తండ్రులును మాకు తెలియును. తమ పిల్లలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్పవలెనా, ఇచ్చటనే ఉంచవలెనా యని ఏటేట తూచుకొనుచున్న వారి యెదుట మేము పెద్దమాటలు పలుకజాలము. ఉద్యోగము రాదు. అడవిశాఖ, ఉద్యానశాఖ, ఆయుర్వేదము, వ్యవసాయ విద్యాలయము అని ఒక పట్టిక చెప్పవచ్చునుగాని అది కప్పదాటు మాట యగును. మేమడుగునది ఏటికి ఒక్క దినము. ఆ ఒక్క దినమున మీ బిడ్డ మీ తల్లిగారి నోటినుండి నలువది మాటలు నేర్చుకొనును. అవి మరియే బడిలోను, ఏ మాధ్యమమునను, ఏ రుసుమునకును దొరకవు.

అవును, తల్లిగారి నోటినుండియే. ఈ యాత్రకు అవ్వలను, తాతలను వెంటబెట్టుకొని పోవలెనని మా సూచన. పండితులకు తెలిసిన పేళ్లు నిఘంటువులోనివి. దోరచింతకాయను వ్రేలితో తట్టి, పెంకు లోపల డొల్లగా మ్రోగిన పండినదని చెప్పు విద్య అవ్వలది. ఏ చిగురు పప్పులోనికి, ఏ ఆకు పశువు ఒంటికి, ఏ నీడన పడుకొనవచ్చును, ఏ నీడన పడుకొనరాదు అనునది వారికి తెలియును. తల్లిదండ్రు లిరువురును పట్టణపు పనులకు పోవు ఇండ్లలో అవ్వ మాటలాడుటకు మనుష్యులు లేక గోడలతో మాటలాడుచున్నది. మనుమనికి మాట కావలెను, ఆమెకు వినువాడు కావలెను. బస్సులో పది సీట్లు వారికి విడిచిన నష్టమేమి? ఆడపిల్లలను దూరము పంపుటకు జంకు తలిదండ్రులకును అవ్వ తోడున్న ధైర్యముగా నుండును. గడచిన యేండ్లలో అనుమతి దొరకక ఇంట నిలిచిపోయిన బాలికలు ఈమారు రాగలరని మా యాశ.

పుష్యమాసమున చింతకాయ దోరపడుచుండును. అదియే పోవుటకు అనువైన కాలము. తోపులో రాలిన కాయను చేతబట్టి చూడవచ్చునుగాని కొమ్మలనున్నదానిని రాళ్లతో కొట్టరాదు. అది చట్టరక్షణ గల స్థలము. బోలుపడిన మానులలో దూరరాదు, వానిపై పేళ్లు చెక్కరాదు. ఒక్కొక్క పిల్లవాడు ఒక నోటుపుస్తకము, పెన్సిలు, నీళ్లసీసా, విస్తరాకు తెచ్చుకొనవలెను. ప్లాస్టికు పొట్లములను బస్సు ఎక్కనీయము. సెల్‌ఫోను ఉపాధ్యాయులయొద్ద మాత్రమే యుండును. బస్సు తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరును, రాత్రి ఎనిమిదికి తిరిగి వచ్చును. అవ్వలకు, తాతలకు చందా లేదు. ముందువరుస సీట్లు వారివే. రాదలచినవారి పేళ్లు నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు తెలుపవలెను.